దుబాసీ లెక్క

చట్టం ఇరవై నిమిషాలంది.
ఎముకకీ కండకీ నరానికీ ఇరవై,
గుండెకైతే ముప్పై,
మనసు విరిగిందంటే ఒక గంట.
ఏ తక్కెడలో తూచారో
ఫ్రెస్నోలో ఈ రెండో అంతస్తు గదిలో
ఎవరూ అడగరు.

ఫిదెన్సియా కుడి భుజం
పదహారేళ్ళు పీచ్ పళ్ళ తోటల్లో పనిచేసింది.
జనవరి పొగమంచులో కత్తెర,
జులై ఎండలో మెడకి వేలాడే సంచీ,
రెండు కాలాల్లోనూ నిచ్చెన.
ఆ చెయ్యి తల మీదికి లేవడం మానేసి ఏడాది దాటింది.
జడ ఇప్పుడు కూతురు వేస్తుంది,
బడి బస్సు వచ్చేలోపు, హడావిడిగా.
ఒక పాయ ఎప్పుడూ వదులే.

మదేరా నుంచి చీకటుండగానే బయల్దేరాం.
తొమ్మిదింటికి రమ్మన్నారు.
పదీ నలభై దాకా కూర్చోబెట్టారు,
అది లెక్కలోకి రాదు.
నర్సు బరువు తూచింది, బీపీ చూసింది,
అదీ రాదు.
మనిషి బొమ్మ ఇచ్చి
నొప్పి ఉన్నచోటల్లా ఇంటూ పెట్టమన్నారు.
బొమ్మ చాలక
కాగితం అంచు మీద కూడా ఒకటి పెట్టింది.
ఆ ఇంటూ కూడా రాదు.
డాక్టరు లోపలికొచ్చి ఎదురుగా నిలబడితేనే
గడియారం పుడుతుంది.

నేను దుబాసీని.
ఆమె మిష్తెక్, ఆయన ఇంగ్లీషు,
రెండూ నా నోట్లోంచే పోవాలి.
ప్రతి మాటా రెండుసార్లు పుట్టాలి.
అంటే ఇరవైలో పది నావి.
చట్టం రాసినవాళ్ళకి ఈ సంగతి తట్టినట్టు లేదు.

డాక్టర్ వోస్కన్యాన్ చెడ్డవాడు కాదు.
ముట్టుకునేముందు అరచేతులు రుద్దుకుని
వెచ్చ చేసుకున్నాడు.
"చెయ్యి ఎత్తండి" అన్నాడు.
"ఎత్తు తల్లీ" అన్నాను.
తల్లీ అన్నది ఆయన మాట కాదు,
నా తప్పు, ఒప్పుకుంటాను.
గోడ మీది స్విచ్చు ఎత్తుదాకా లేచింది చెయ్యి.
అక్కడే ఆగి వణికింది.
నొప్పి పదికి ఎంత అని అడిగాడు.
"తడిసిన దుప్పటిని లోపలెవరో పిండుతున్నట్టు,
రాత్రి రెండింటికి, మా ఆయన లేవకుండా
నేను దిండు కొరుక్కున్నట్టు" అంది.
మొత్తం చెప్పాను, ఒక్క మాట దిగమింగకుండా.
ఏడు అని రాసుకున్నాడు.

ఎలా పడ్డారు అని అడిగాడు.
మావాళ్ళు ఏ సంగతైనా మొదటినుంచే చెబుతారు.
ఆ పొద్దున పొయ్యి అంటుకోలేదు,
వ్యాన్ ఆలస్యమైంది,
మేస్త్రీ మూడో మెట్టు విరిగిన నిచ్చెనే ఇచ్చాడు,
వేరేది అడిగితే...
కథ ఇంకా నిచ్చెన ఎక్కనే లేదు,
ఆయన చెయ్యి తలుపు పిడి మీద ఉంది.
"చాలండి, అర్థమైంది."
ఇదొక్కటే ఆ రోజు
నేను అనువదించకముందే ఆమెకి తెలిసిపోయింది.

నా బిల్లు కాగితం మీద అలవాటుగా రాసుకున్నాను:
మొదలు పదీ నలభై ఒకటి,
ముగింపు పదీ యాభై రెండు.

ఇరవై ఎనిమిదో రోజున రిపోర్టు వచ్చింది.
గడువుకి రెండు రోజుల ముందే, పాపం.
ముఖాముఖి గడిపిన సమయం ఇరవై ఐదు నిమిషాలు.
అబద్ధమైతే శిక్షకి సిద్ధమని కింద సంతకం.
భుజానికి నష్టం నాలుగు శాతం.

నేను చదివి వినిపించాక
ఫిదెన్సియా వేళ్ళు మడిచి లెక్కేసింది.
"మిగతా పద్నాలుగూ ఎవరి దగ్గరున్నాయి?
అడిగితే తిరిగిస్తారా?
నిచ్చెన సంగతి చెప్పుకుంటాను."

నిన్న ఆమె లాయరు ఆఫీసు నుంచి ఫోను.
మీ దగ్గర టైము రాసి ఉందా అని.
ఒకటో తారీకు అద్దె గుర్తొచ్చింది.
నెలకి నాలుగుసార్లు నన్ను పిలిచేది
ఆ రెండో అంతస్తువాళ్ళే.

ఉంది అన్నాను.

అటువైపు పెట్టేశాక కూడా
ఫోను చెవికే ఆనించుకుని నిలబడ్డాను.
ఎంతసేపో రాసుకోలేదు.